బలంగా ఉన్న వరి ఒకటి, తెగులును పసిగట్టే వరి ఇంకొకటి

మా వైపు ఏ పురుగుమందుల అంగడి ముందు నిలబడ్డా ఒక మాట వినపడుతుంది: "పైరులో బలం లేదబ్బయ్యా, అందుకే తెగులు తగులుకుంది, ఇంకో అర కట్ట యూరియా జల్లు." అంగడాయన అంటాడు, పక్కన బీడీ కాలుస్తున్న రైతు అవునంటాడు, మా పెదనాయన అయితే జన్మంతా సేద్యం చేసిన ధీమాతో అంటాడు. ఏ తెగులుకైనా ఇది అనుమానించాల్సిన మాటే, కానీ బాక్టీరియా ఎండాకు తెగులు విషయంలో మాత్రం పూర్తిగా తలకిందులు. ఆ తెగులుకి నవనవలాడే పైరంటేనే ఇష్టం. నేను నెల్లూరులో ఇంటర్ పిల్లలకి బాటనీ చెప్తాను, బుచ్చి దగ్గర కనిగిరి రిజర్వాయర్ కింద మాకు కాస్త మాగాణి ఉంది, కాబట్టి అంగడి ముందు మాటలూ పుస్తకంలో మాటలూ రెండూ నా చెవిన పడుతుంటాయి. ఈ రెండిటి మధ్యా ఇంత దూరం ఉన్న విషయం ఇంకోటి లేదనిపించి రాస్తున్నా.

ముందు తెగులు సంగతి. మా జిల్లాలో అసలు పంట కృష్ణా, గోదావరి వాళ్ళ కాలంలో ఉండదు. ఎడగారు అనే రెండో పంట సంగతి పక్కన పెడితే, పెద్ద పంట నాట్లు అక్టోబరు దాటాక పడతాయి, సంక్రాంతి వెళ్ళాక కోతలు. మాకు వానల్లో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలదే, అంటే తుఫాన్ల కాలమూ, పైరు పిలకలేసే కాలమూ ఒకటే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గదా, దాటకముందే నెల్లూరునీ ప్రకాశాన్నీ వానతో గాలితో కుమ్మేసింది. అలాంటి గాలికి వరి ఆకులు ఒకదానికొకటి రాసుకుని అంచులు చిరుగుతాయి. మన కంటికి కనపడని ఆ చిరుగుళ్ళు చాలు ఈ బాక్టీరియాకి. పైగా కాలవ కింద మనం నీళ్ళు కయ్యలోంచి కయ్యలోకి పారిస్తాం, పై కయ్యలో తెగులుంటే కింద కయ్య వాడికి ఆ నీళ్ళతో పాటే అందుతుంది.

ఈ బాక్టీరియా పేరు జాంథోమోనాస్ ఒరైజే. జపాన్‌లో ఫుకువోకా ప్రాంతపు రైతులు 1884లోనే ఈ తెగులును గమనించారు. మన దేశంలో ఇది పెద్దగా భయపెట్టింది మాత్రం 1963లో, బీహార్‌లో. ఆ తర్వాత పొట్టి రకాలు, రసాయన ఎరువులు వచ్చిన ప్రతి చోటికీ వాటి వెనకే ఇదీ వచ్చింది. గట్టిగా పడితే దిగుబడిలో ఇరవై ముప్పై శాతం పోవడం మామూలే, ఒక్కోసారి సగం కూడా పోతుంది. మన లెక్కలో చెప్పాలంటే మూడు పుట్లు రావాల్సిన ఎకరంలో దాదాపు ఒక పుట్టి గాలికి పోయినట్టు. నెల్లూరు పుట్టంటే 850 కిలోలు, బయటి జిల్లాల వాళ్ళ కోసం చెప్తున్నా.

చూడగానే గుర్తుపట్టడం తేలికే అనిపిస్తుంది కానీ జనం తరచూ పొరబడతారు. ఆకు కొస నుంచి మొదలై అంచుల వెంబడి కిందికి దిగుతూ, గీత గీసినట్టు కాకుండా వంకరటింకరగా పసుపు పాకుతుంది, తర్వాత ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. పొటాష్ తక్కువైనా కొసలూ అంచులే ఎండుతాయి గనక రెండూ కలిసిపోతాయి. తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక గాజు గ్లాసు చాలు. పచ్చదనమూ పసుపూ కలిసే చోట ఆకుని కత్తెరతో ముక్క కోసి, తేట నీళ్ళున్న గ్లాసులో కోసిన వైపు మునిగేలా నిలబెట్టి, గ్లాసుని వెలుతురుకి ఎదురుగా పెట్టి కదపకుండా కాసేపు చూడండి. తెగులైతే కోసిన చోటు నుంచి పల్చటి తెల్లని ధార అగరొత్తి పొగలాగా మెలికలు తిరుగుతూ నీళ్ళలోకి దిగుతుంది. ఆ పొగంతా బాక్టీరియానే, లక్షలకి లక్షలు. పొటాష్ లోపమైతే ఏమీ రాదు, నీళ్ళు తేటగానే ఉంటాయి. మా క్లాసులో ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా పట్టించుకోని పిల్లలు ఈ గ్లాసు చూపించాక మాత్రం బెంచీల మీంచి లేచి వచ్చారు.

ఆ ధార ఎక్కణ్ణించి వస్తోందో చూడండి, అసలు కథ అక్కడుంది. ఈ బాక్టీరియా ఆకు పైపైన ఉండదు, వేరు నుంచి నీళ్ళు పైకెక్కే దారువు గొట్టాల్లోనే కాపురం పెడుతుంది. డిసెంబరు పొద్దున్నే గట్టు మీద నడిస్తే ప్రతి వరి ఆకు కొసనా, అంచునా నీటి బొట్లు వరసగా కనపడతాయి గదా, మంచు అనుకుంటాం, అందులో చాలా భాగం మంచు కాదు, రాత్రంతా వేరు తోసిన నీళ్ళు ఆకు అంచున ఉండే సన్నటి రంధ్రాల్లోంచి బయటికొచ్చినవి. ఎండెక్కే కొద్దీ ఆ బొట్టు మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది, బొట్టులో బాక్టీరియా ఉంటే అదీ లోపలికి పోతుంది. తలుపు మనం తీయక్కర్లేదు, ఆకుకి పుట్టుకతోనే ఉంది. లోపల గొట్టంలో ఉన్న దాన్ని పైన మందు కొట్టి చంపుదామంటే ఎలా? స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొట్లాలు తెచ్చి కొడుతూనే ఉంటారు, ఫలితం మాత్రం అంతంతే. పైగా అవి మనుషులకి వాడే యాంటీబయాటిక్‌లు, స్ట్రెప్టోమైసిన్ అయితే క్షయకి వాడిన మందు, వాటిని చేలల్లో చల్లుకుంటూ పోవడం నాకస్సలు నచ్చదు.

ఇక యూరియా. నత్రజని ఎక్కువైతే ఆకు వెడల్పుగా, మెత్తగా, ముదురాకుపచ్చగా వస్తుంది, పిలకలు గుబురుగా కమ్ముకుంటాయి, లోపల తేమ ఆరదు. రైతు కళ్ళకి అది బలం. బాక్టీరియాకి అది విందు. ఇక్కడే మనం తప్పుదారి పడుతున్నాం అనుకుంటా: తెగులును తట్టుకోవడం అంటే ఒంట్లో సత్తువ ఉండటం అని మన మనసులో గట్టిగా నాటుకుపోయింది. వరి విషయంలో తట్టుకోవడం అంటే ముందు పసిగట్టడం. పసిగట్టలేని పైరుకి ఎంత తిండి పెట్టినా అది శత్రువుకే పోతుంది.

మొక్కకి రక్తం లేదు. మన ఒంట్లో తెల్ల రక్తకణాలు తిరుగుతూ ఎక్కడ క్రిములుంటే అక్కడికి పరిగెడతాయి, ఒకసారి వచ్చిన రోగాన్ని గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారు చేస్తాయి. వరి మొక్కలో అలా తిరిగే కణమే లేదు, యాంటీబాడీలూ లేవు. ఏ కణానికి ఆ కణమే చూసుకోవాలి. అందుకని ప్రతి కణం తన పొర మీద, లోపలా కొన్ని ప్రోటీన్లని నిలబెట్టుకుంటుంది, వీటినే రిసెప్టర్లంటారు. ఒక్కో రిసెప్టర్ పసిగట్టేది చాలా చిన్న విషయం. బాక్టీరియా మొత్తాన్ని కాదు, దాని ఒంటి మీది ఒక ముక్కని, అది విడిచే ఒక చిన్న పదార్థాన్ని. ఆ ముక్క తగిలితే కణం మేలుకుంటుంది, లేకపోతే పక్కనే కోటి బాక్టీరియా పెరుగుతున్నా దానికి పట్టదు. ఏ రిసెప్టర్లు ఉంటాయన్నది విత్తనంలోనే రాసి ఉంటుంది, నాట్లయ్యాక మనం ఏ కట్ట చల్లినా కొత్తది పుట్టదు.

ఎండాకు తెగులుకి సంబంధించి అందరికంటే పేరున్న రిసెప్టర్ ఎక్స్‌ఏ21. ఇది మన వరిది కాదు. ఆఫ్రికాలో మాలీ దేశపు అడవి వరి, ఒరైజా లాంగిస్టామినేటా అని, అందులో దొరికింది. నేలలో దుంపల్లాంటి కాండాలతో ఏళ్ళ తరబడి బతికే గడ్డి అది, మన లెక్కలో అయితే కలుపు కింద పీకి గట్టున పారేసే రకం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని సాగు వరితో సంకరం చేసి, మళ్ళీ మళ్ళీ సాగు వరితోనే కలుపుతూ, అడవి గుణాలన్నీ పోయి తెగులును ఆపే గుణం ఒక్కటే మిగిలేదాకా తెచ్చి, 1990లో ఆ సంగతి ప్రచురించింది. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో పమేలా రోనాల్డ్ ప్రయోగశాల ఆ జన్యువునే విడదీసి పట్టుకుంది, అది 1995లో. తెగులుకి లొంగిపోయే మామూలు వరిలో ఆ ఒక్క జన్యువు పెడితే అది తట్టుకుంది. కీటకాల్లో టోల్ అనే రిసెప్టర్ క్రిముల మీద పోరాటానికి పనికొస్తుందని 1996లో తేలింది, ఎలుకల్లో అలాంటిదే 1998లో, ఆ పరిశోధనలకి 2011లో నోబెల్ వచ్చింది. వరి అంతకు ముందే ఆ దారి చూపించిందన్నమాట. ఈ మాట క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుంది, ఒప్పుకుంటా. మాలీ గడ్డిలోంచి వచ్చింది గనక లాభంలో ఆ దేశానికీ వాటా ఉండాలని డేవిస్‌లో 1996లో ఒక నిధి కూడా పెట్టారు. ఆ ఆలోచన మాత్రం నాకు బాగా నచ్చింది.

ఎక్స్‌ఏ21 ప్రోటీన్ తీరు చూద్దాం. 1025 అమైనో ఆమ్లాల పొడుగు (ప్రోటీన్ గొలుసులో పూసల్లాంటివి ఇవి). సగానికి పైగా కణం బయటికి చాచుకుని ఉంటుంది, అందులో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే ఒకే రకం మెలిక 23 సార్లు వరసగా వస్తుంది, పసిగట్టే పని ఆ భాగానిది. మధ్యలో చిన్న ముక్క కణం పొరని ఒక్కసారి దాటుతుంది. లోపలి కొస కైనేజ్, అంటే వేరే ప్రోటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము. బయట తగలాల్సింది తగిలితే లోపల కైనేజ్ పని మొదలుపెడుతుంది, పక్కనే సెర్క్2 అనే తోడు రిసెప్టర్ చెయ్యి కలుపుతుంది, ఫాస్ఫేట్లు ఒకదాని నుంచి ఒకదానికి మారుతూ కబురు కేంద్రకం దాకా వెళ్తుంది. కణం ఘాటైన ఆక్సిజన్ రకాలని విడుస్తుంది, ఎథిలీన్ అనే హార్మోన్ని పుట్టిస్తుంది, రక్షణకి కావాల్సిన జన్యువుల్ని లేపుతుంది. తెగులు ఆకు కొస దగ్గర కొద్దిగా మొదలై అక్కడితో ఆగిపోతుంది. ఇది గమనించండి, ఎక్స్‌ఏ21 ఉన్న పైరులో మచ్చ అసలు కనపడదని కాదు, పాకదని.

మరి ఎప్పుడూ మేలుకునే ఉండొచ్చుగా అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఎక్స్‌ఏ21ని ఆపడానికే వరిలో ఎక్స్‌బీ15 అనే ఇంకో ప్రోటీన్ ఉంది, అది ఆ ఫాస్ఫేట్లని ఊడదీసి పరిస్థితిని సద్దుమణిగిస్తుంది. ఎక్స్‌బీ15 పాడైన వరి మొక్కల్లో ఏ తెగులూ లేకుండానే కణాలు వాటంతటవే చచ్చిపోయి ఆకుల మీద మచ్చలొచ్చాయి. రక్షణ ఎక్కువైతే అది పంటనే తినేస్తుంది. బలం బలం అని ఊదరగొట్టేవాళ్ళు ఆలోచించాల్సిన సంగతి ఇది.

ఇంతకీ ఎక్స్‌ఏ21 పసిగట్టేది బాక్టీరియాలో దేన్ని? ఇది తేలడానికి జన్యువు దొరికిన తర్వాత ఇరవై ఏళ్ళు పట్టింది. మధ్యలో 2009లో రోనాల్డ్ బృందం ఇదిగో ఫలానా ప్రోటీన్ అని సైన్స్ పత్రికలో ప్రకటించింది, దానికి ఏఎక్స్21 అని పేరు. తర్వాత ల్యాబుకి కొత్తగా వచ్చినవాళ్ళు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఫలితం రాలేదు. వెతగ్గా వెతగ్గా బాక్టీరియా రకాల పేర్ల చీటీలు తారుమారైనట్టు, వాడిన పరీక్ష కూడా నమ్మదగ్గది కానట్టు బయటపడింది. 2013లో రోనాల్డ్ తనే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నదీ నలుగురిలో చెప్పారు. పేరు పోతుందని మూసిపెట్టే వాళ్ళు ఎంతోమంది ఉన్న చోట అది చిన్న విషయం కాదు. మళ్ళీ మొదట్నించీ చేసుకొచ్చి 2015లో అసలు దాన్ని పట్టుకున్నారు. దాని పేరు రాక్స్‌ఎక్స్, కేవలం 60 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. అందులో 41వ స్థానంలో ఉన్న అమైనో ఆమ్లమైన టైరోసిన్‌కి ఒక సల్ఫేట్ అతుక్కుని ఉండాలి. ఆ సల్ఫేట్‌ని తగిలించడానికి బాక్టీరియా దగ్గర రాక్స్‌ఎస్‌టీ అనే ఎంజైము ఉంది. ఆ ఒక్క సల్ఫేట్ లేకపోతే ఎక్స్‌ఏ21 ఉలకదు పలకదు. మొక్క ప్రాణమూ మన పంటా నిలబడేది అంత చిన్న గుర్తు మీద.

ఇక్కడ నాకు ఒళ్ళు జలదరించిన ముక్క ఒకటుంది. ఈ రాక్స్‌ఎక్స్ ఎవరిలా ఉంది? మొక్కల్లో సహజంగా ఉండే పీఎస్‌వై అనే హార్మోన్ లాంటి చిన్న ప్రోటీన్ ముక్కలా, అంటే పెప్టైడ్‌లా ఉంది. దానికీ సల్ఫేట్ పట్టిన టైరోసిన్ ఉంటుంది, అది వేర్ల పెరుగుదలకి పనికొస్తుంది. రాక్స్‌ఎక్స్‌ని విడిగా తయారు చేసి మొక్కకిస్తే వేర్లు నిజంగానే పొడుగ్గా పెరిగాయి. అంటే బాక్టీరియా మొక్క ఇంటి మనిషి వేషం వేసుకుని లోపలికొచ్చి, మొక్క పెరిగే తీరుని తనకి అనుకూలంగా తిప్పుకోవాలని చూస్తోందన్న మాట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మామూలు వరికి జరిగేది అదే. మాలీ గడ్డి మాత్రం ఆ వేషాన్నే ఆనవాలుగా పట్టుకుంది. తన సొంత పీఎస్‌వైకి ఎక్స్‌ఏ21 లేవదు, నకిలీకే లేస్తుంది. ఈ తేడా పట్టడం ఎన్ని వేల ఏళ్ళకి అబ్బిందో.

అయితే ఎక్స్‌ఏ21 ఉంటే చాలు, ఇక గట్టు మీద పడుకోవచ్చు అనుకుంటే మొదటికే మోసం. రాక్స్‌ఎక్స్‌లో కొద్దిపాటి మార్పు వచ్చిన బాక్టీరియా రకాలు ఇప్పటికే ఉన్నాయి, అవి ఎక్స్‌ఏ21 కళ్ళు గప్పి పోతాయి. ఇంకోటి, ఈ రిసెప్టర్ పైరు ముదిరే కొద్దీ గట్టిగా పనిచేస్తుంది, నారు వయసులో దాని పట్టు తక్కువ. ఇక్కడ మన అలవాటు ఒకటి చెప్పుకోవాలి. కాండం తొలుచు పురుగు గుడ్లు ఆకు కొసల్లో ఉంటాయని నారు కొసలు తుంచి నాటమంటారు. పురుగుకి అది మంచి సలహానే. కానీ ఎండాకు తెగులు ఉన్న చోట తుంచిన కొస అంటే తెరిచిన గాయం, ఆ గాయం నేరుగా బురద నీళ్ళకి తగులుతుంది. శాస్త్రవేత్తలు ఏ రకం తట్టుకుంటుందో పరీక్షించడానికి చేసే పనేంటో తెలుసా? కత్తెరని బాక్టీరియా కలిపిన నీళ్ళలో ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు, రెండు వారాలాగి మచ్చ ఎంత పొడవు పాకిందో కొలుస్తారు. తెగులు ఎక్కించడానికి వాళ్ళకి దొరికిన అత్యుత్తమ పద్ధతి అది, మనం అదే పని నాట్ల రోజున ఊరంతా కలిసి చేస్తున్నాం. లేత నారుకి పడితే ఆకులు కాదు, మొక్కే వాడి కూలబడిపోతుంది.

కణం లోపల ఉండే రిసెప్టర్లు ఇంకో జాతి, ఎన్‌ఎల్‌ఆర్‌లంటారు, బాక్టీరియా గానీ శిలీంధ్రం గానీ కణంలోకి దించే ప్రోటీన్లని పసిగడతాయి. శిలీంధ్రం వల్ల వచ్చే అగ్గి తెగులుని ఆపే జన్యువుల్లో ఎక్కువ ఈ జాతివే. ఎండాకు తెగులుకి ఎక్స్‌ఏ1 ఉంది, అది 1998లో దొరికింది. ఎందుకు చెప్తున్నానంటే, మా వైపు 34449 వేసినవాళ్ళు, అదే నెల్లూరు మసూరి, అది తెగుళ్ళని తట్టుకునే రకం అని నిశ్చింతగా ఉంటారు. అది తట్టుకునేది అగ్గి తెగులుని. మా జిల్లాకి అగ్గి తెగులే పెద్ద శత్రువు కాబట్టి ఆ పేరు దానికి దక్కాల్సిందే, నాకేం పేచీ లేదు. కానీ అగ్గి తెగులుని పసిగట్టే ప్రోటీన్‌కి జాంథోమోనాస్ ఎవరో తెలియదు. ఈ రకం "తెగుళ్ళని తట్టుకుంటుంది" అని ఎవరైనా అంటే, ఏ తెగుల్ని అని అడగండి.

పసిగట్టకుండానే ఆపే జన్యువులూ ఉన్నాయి, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. వీటి పని విచిత్రం. బాక్టీరియా ఒక ప్రోటీన్‌ని వరి కణం కేంద్రకం దాకా పంపి, స్వీట్11 అనే జన్యువుని తనే లేపుతుంది. అది కణంలోని చక్కెరని బయటికి వదిలే ద్వారం. అంటే వచ్చినవాడు మన వంటింటి తాళం తనే తీసుకుని తింటున్నాడు. ఎక్స్‌ఏ13 ఉన్న వరిలో స్వీట్11 జన్యువు ముందున్న వరస కొద్దిగా మారి ఉంటుంది, బాక్టీరియా ప్రోటీన్‌కి అక్కడ పట్టు దొరకదు, చక్కెర రాదు. ఎక్స్‌ఏ5లో అయితే జన్యువుల్ని చదివే యంత్రంలోని ఒక ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది, దాంతో బాక్టీరియా పంపే అలాంటి ప్రోటీన్లకి పని సాగదు. ఎక్స్ఏ21 కేక వేసే రకం, ఇవి అన్నం పెట్టని రకం. రెండు రకాలూ ఉంటే బాక్టీరియా ఒకేసారి రెండు దారుల్లో మారాలి, అది అంత తేలిక కాదు.

ఇప్పుడు మన సాంబ మసూరి దగ్గరికొద్దాం. బీపీటీ 5204, బాపట్లలో పుట్టింది, 1986లో విడుదలైంది. సన్న గింజ, రుచి, ధర, అన్నీ ఉన్నాయి, ఎండాకు తెగులు ముందు మాత్రం చేతులెత్తేస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి దీనిలోకి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 మూడూ తెచ్చాయి. ఇందులో ఒక చిక్కుంది. ఎక్స్‌ఏ21 వచ్చిన మొక్క ఎలాగూ తట్టుకుంటుంది, దానిలో మిగతా రెండూ ఉన్నాయో లేవో కత్తెర పరీక్షలో తెలియదు. పైగా ఆ రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేస్తాయి. అందుకని ప్రతి తరంలో చిన్న ఆకు ముక్క తీసి, డీఎన్‌ఏ గుర్తులు చూసి, మూడూ ఉన్న మొక్కల్నే ఏరి, మళ్ళీ సాంబ మసూరితోనే కలుపుతూ వచ్చారు. అలా వచ్చింది ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, ఆర్పీ బయో 226, 2008లో విడుదల. గింజ సన్నదనం అలాగే ఉంది. తర్వాత దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే లెక్క, దాదాపు 51 అని, అంటే తక్కువని తేలడంతో షుగర్ ఉన్నవాళ్ళు దీని వెంట పడ్డారు, తెగులు కోసం చేసిన రకానికి ఆ పేరు రావడం తమాషా. ఉత్తరాదిన పూసా బాస్మతి 1కి కూడా ఇలాగే ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13 చేర్చి 2007లో ఇచ్చారు.

"ఇది జీఎం బియ్యమా సార్, తింటే ఏమన్నా అవుద్దా?" ఈ ప్రశ్న రాకుండా ఎప్పుడూ ఉండదు. కాదు. అమెరికాలో ప్రయోగశాలలో జన్యువుని నేరుగా మొక్కలో పెట్టింది వేరు (జీఎం అంటే అదే), మనకి విత్తనంగా వచ్చింది వేరు. ఇక్కడ చేసింది పూలకి పూలు కలిపే సంకరమే, డీఎన్‌ఏ పరీక్షని ఏరుకోవడానికి మాత్రమే వాడారు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ వరి రకాల్లో సాంబ మసూరి నుంచి వచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 100 కూడా ఉంది కాబట్టి రెండిటినీ కలిపేసి గందరగోళ పడుతున్నారు. దానికీ ఎండాకు తెగులుకీ సంబంధం లేదు.

విత్తనం సంగతి కూడా చెప్పి ఆపేస్తా. ఇది హైబ్రిడ్ కాదు, ఏటా కొనక్కర్లేదు. వరి తనలో తనే పరాగసంపర్కం చేసుకుంటుంది గనక మూడు జన్యువులూ స్థిరపడ్డ పైరు నుంచి తీసిన గింజలో అవి మూడూ ఉంటాయి. చెడగొట్టేది కల్తీ. కోత మిషన్ పక్కోడి చేలో మామూలు బీపీటీ కోసి తిన్నగా మన చేలోకి దిగితే, దాని కడుపులో మిగిలిన వడ్లు మన వడ్లలో కలుస్తాయి, రెండు రకాల గింజా చూడ్డానికి ఒకేలా ఉంటుంది కాబట్టి ఎవరూ కనిపెట్టలేరు. అందుకని విత్తనానికి ఉంచుకునే కయ్యని మిషన్‌కి ఇవ్వకుండా మనుషులతో కోయించి విడిగా కొట్టించుకోండి. కూలీలు దొరకడం లేదంటారా, కనీసం మిషన్ దిగగానే వచ్చే మొదటి వడ్లని పక్కన పోయించి మిల్లుకి పంపేసి, చేను మధ్యలో కోసిన వాటినే విత్తనానికి ఎత్తిపెట్టుకోండి.